చిన్నపిల్లల చలికోట్లను ఒంటికి సరిపోయేలా సరిచేయడం ఎలా?

పాలకొల్లు అమ్మమ్మ:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా డిసెంబరులో చికాగో వెళుతున్నారు. అక్కడి ఏర్పాట్లు తెమిలేవరకు పిల్లలిద్దరూ పాలకొల్లులో నా దగ్గరే ఉన్నారు. మనవరాలికి ఆరేళ్ళు, మనవడికి తొమ్మిదేళ్ళు. మా ఆడపడుచు కూతురు అమెరికా నుంచి వచ్చినప్పుడు తన పిల్లలకు పొట్టివైపోయిన చలికోట్లు రెండు తెచ్చి ఇచ్చింది. రెండూ మంచి సరుకే కాని, ఒక్కటీ ఒంటికి కుదరడం లేదు.

మనవరాలిది ముదురు నీలం ఉన్ని కోటు, లోపల జారుడు లైనింగు ఉంది. భుజాలు కాస్త వెడల్పుగా ఉన్నాయి, చేతులు అరచేయి సగం కప్పేస్తున్నాయి, నిడివి మోకాళ్ళు దాటింది. మనవడిది అడ్డగీతలుగా కుట్టి, ఆ గీతల మధ్య దూది నింపినట్టు ఉబ్బుగా ఉండే నైలాను కోటు. దానికి చేతులు సరిగ్గానే ఉన్నాయి కాని, జిప్పు పైకి లాగితే ఛాతీ దగ్గర పట్టేస్తోంది.

జాకెట్లు, పరికిణీలు, గౌనులు నేను చాలా ఏళ్ళుగా ఇంట్లో మిషను మీద కుడుతున్నాను కాని, కోటును విప్పి చూసే అవసరం ఎన్నడూ రాలేదు. ఇక్కడి దర్జీలు కోటు అనగానే రాజమండ్రి పట్టుకెళ్ళమంటున్నారు. పరికిణీకి టక్కు వేసి పిల్ల పెరిగినకొద్దీ విప్పుకున్నట్టు కోటు చేతికి కూడా వేసుకోవచ్చునా? అంత మంచి గుడ్డను కత్తిరించడానికి నాకు చేయి రావడం లేదు. పైగా ఈ ఉక్కలో కోటు తొడిగి నిలబెట్టామంటే, ఫ్యాను కింద ఉంచినా సరే, పిల్ల నిమిషంలో చెమటతో తడిసిపోయి పేచీ పెడుతోంది. తక్కువ కొలతలతో పని జరిగే మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

రాజమండ్రి కోటు మాస్టరు:

నమస్కారమండి, అమ్మగారూ. నేను పెళ్ళికోట్లు కుట్టిన మనిషిని. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీరు కత్తెర పట్టకపోవడమే మంచిదయింది. పిల్లల కోటులో కత్తిరించవలసిన సందర్భాలు చాలా తక్కువ.

కోటు భుజం మీద వేలాడే బట్ట గనుక, ముందు భుజం చూడాలి, తక్కినవన్నీ ఆ తరువాతే. పిల్లకు లోపల స్వెటరు తొడిగి, దాని మీద కోటు వేసి, వెనక నుంచి చూడండి. చేయి అతికిన కుట్టు భుజపు ఎముక చివరను దాటి అర అంగుళం దాకా కిందికి జారితే చలికోటుకు అది లోపం కాదు, ఆ చోటు స్వెటరుకు కావలసిందే. అంగుళం దాటితే మాత్రం చేతులు రెండూ ఊడదీసి, భుజాన్ని లోపలికి జరిపి, మళ్ళీ ఎక్కించాలి. చేయి పైభాగపు గుండ్రం చంక గుండ్రం కంటే కొంత ఎక్కువ కొలతతో కత్తిరించి ఉంటుంది. ఆ ఎక్కువను బయటికి ముడత కనబడకుండా ఆవిరితో ఒత్తి ఇముడ్చుకుంటూ పోవాలి. చేయి తిరిగిన కోటు దర్జీకే అది జాగ్రత్తగా చేసే పని. ఇంటి మిషను మీద దానికి పూనుకోవద్దని నా సలహా. భుజం అంగుళానికి మించి పెద్దదైన కోటును ఒక ఏడాది బీరువాలో ఉంచడమే తెలివైన పని.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ మనవరాలి భుజం అర అంగుళం లోపే ఉండి ఉంటుందనుకుంటున్నాను. అలాగైతే మీకు మిగిలేది చేతుల పని ఒక్కటే, అది మీరే చేసుకోగలరు.

కోటు లోపలికి తిప్పి, రెండు చేతుల లైనింగులను మోచేతి ప్రాంతంలో వేలితో తడిమి చూడండి. రెడీమేడు కోట్లలో చాలావాటికి ఒక చేతి లైనింగులో, నిలువు కుట్టు మీదుగా, జానెడు పొడవున పైకి కనబడే మిషను కుట్టు ఒకటి ఉంటుంది. కోటును, లైనింగును తిరగేసి కలిపి కుట్టాక, మొత్తం కోటును ఆ సందులోంచే బయటికి లాగి, చివరికి ఆ సందును అలా మూసేస్తారు. మీరూ ఆ కుట్టునే విప్పండి. చేయి చివరను ఆ సందులోంచి బయటికి లాక్కున్నారంటే ఉన్నిగుడ్డ, లైనింగు కలిసే అంచు మీ చేతిలో ఉంటుంది. పైనుంచి చూసేవారికి ఎక్కడ విప్పారో, ఎక్కడ కుట్టారో తెలియదు.

చేయి పొడవు మణికట్టు ఎముకను కప్పి బొటనవేలి మొదలును తాకితే చాలు. దానికి మించినది లోపలికి మడవండి. రెండు అంగుళాల వరకు కత్తిరించనక్కరలేదు. అయితే ఒక మెలిక ఉంది. కోటు చేయి కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నని అంచును పైకి, వెడల్పుగా ఉన్న చోటికి మడిచేసరికి అది చాలక లోపలినుంచి గుంజుతుంది, బయట మణికట్టు చుట్టూ ముడతలు పడతాయి, ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడతలు పోవు. అందుచేత మడతలోకి వెళ్ళిపోయే భాగంలో మాత్రం నిలువు కుట్టును విప్పి, ఆ అంచులను విడిగా వదిలేయండి. అప్పుడు గుడ్డ తనకు కావలసినంత విచ్చుకుని చదునుగా పడుకుంటుంది.

ముందు కచ్చాటాకాలు వేసి, పిల్లకు ఒకసారి తొడిగి చూసి, ఆ తరువాత చేత్తో హెమ్మింగు చేయండి. సూది ఉన్నిగుడ్డలో ఒకటి రెండు పోగులను మాత్రమే పట్టుకోవాలి, దారం బిగించకూడదు. లైనింగును కూడా అదే కొలతలో మడిచి, ఉన్ని అంచుకు ముప్పావు అంగుళం పైన అతకండి. అతికేటప్పుడు అర అంగుళం పొడవు వదులుగా ఉండనివ్వండి. ఆ వదులు లేకపోతే పిల్ల చేయి చాచిన ప్రతిసారీ లైనింగు లాగి, చేతి అంచు లోపలికి ముడుచుకుపోతుంది. కోటు సరిచేయించుకున్నాక చేయి పట్టేస్తోందని వచ్చేవారి కోట్లలో నేను ముందుగా చూసేది ఈ వదులునే.

ఆ వయసు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారు, చేయి సుమారుగా ఒక అంగుళం సాగుతుంది. కాబట్టి మీరు మడిచే రెండు అంగుళాలు వచ్చే చలికాలానికి ఒకటి, ఆ పై చలికాలానికి ఒకటి చొప్పున పనికివస్తాయి. మీ పరికిణీ టక్కు ఆలోచన సరైనదే, అయితే టక్కు బయట కనిపించేలా కాకుండా అంచు లోపల ఉండాలి.

నిడివి జోలికి వెళ్ళకండి. మెట్లెక్కేటప్పుడు కాళ్ళకు అడ్డుపడనంతవరకు మోకాళ్ళు దాటిన కోటు చలికి మేలే. కింద మడిస్తే జేబుకూ అంచుకూ మధ్య దూరం తగ్గి కోటు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది, ముందు అంచుల దగ్గర పొరలు ఎక్కువై దిమ్మ కడుతుంది.

అమలాపురం కోడలు:

పిన్నిగారూ, మేము కొన్నేళ్ళు అమెరికాలో ఉండి కోనసీమకు తిరిగి వచ్చాము కాబట్టి, ఆ కోటు అక్కడ ఎలా వాడతారో చెబితే మీకు కొలతలు సులువవుతాయనిపించింది. మాస్టరుగారు చెప్పిన కుట్టు విషయంలో నేను చేర్చగలిగింది లేదు.

చికాగోలో జనవరి అంటే సున్నాకు చాలా దిగువన ఉండే చలి. కాని పిల్లలు రోజంతా కోటులో ఉండరు. ఇల్లు, బడి, దుకాణం అన్నీ వెచ్చగానే ఉంటాయి; బయటికి వెళ్ళేటప్పుడు వేసుకోవడం, లోపలికి రాగానే తీసి కొక్కేనికి తగిలించడం రోజుకు ఎన్నోసార్లు జరుగుతుంది, బడిలో ఆ పని ఆరేళ్ళ పిల్ల తనంతట తానే చేసుకోవాలి. అందువల్ల కోటు అందంగా ఒంటికి అంటుకుని ఉండటం కంటే స్వెటరు మీద సులువుగా జారడం ముఖ్యం. పక్కల కుట్లు లోపలికి పట్టి నడుము బిగించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. అలాగని మరీ డోలులా ఉన్నా పనికిరాదు, మెడ దగ్గర, కింద అంచు దగ్గర చలిగాలి దూరుతుంది.

పిల్ల పేచీ పెడుతోందన్నారు కదా. ఆమెకు సరిపోయే స్వెటరు ఒకటి తీసుకుని, దాన్ని నేల మీద పరిచి కొలవండి: ఒక భుజం చివరి నుంచి మరో భుజం చివరికి, మెడ మధ్య నుంచి భుజం మీదుగా మణికట్టుకు, ఒక చంక నుంచి మరో చంకకు. కోటును కూడా అలాగే పరిచి కొలిచి, రెండింటినీ పోల్చండి. చంక నుంచి చంకకు కోటు స్వెటరు కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలును. పిల్లను చివరి తొడుగుడుకు మాత్రం తెల్లవారుజామున, ఉక్క మొదలవకముందే నిలబెట్టండి. ఆ ఒక్కసారి చేతులు ముందుకు చాపి తన్ను తాను కౌగిలించుకోమనండి. వీపు మీద అడ్డంగా గీతలు బిగుసుకుంటే కోటు ఇరుకు, నిలువుగా గుడ్డ వేలాడితే వదులు.

ఇంకొక సంగతి, ఇది కుట్టుకు సంబంధించినదే. మెడ దగ్గర, తలకప్పు దగ్గర లాగి ముడి వేసే తాళ్ళు ఉంటే వాటిని పూర్తిగా లాగేసి, ఆ రంధ్రాలను కుట్టేయండి. జారుడుబల్లల దగ్గర ఆ తాళ్ళు చిక్కుకుని పిల్లలకు ప్రమాదాలు జరగడంతో, 2 నుంచి 12 సైజుల వరకు పిల్లల పైకోట్లలో అవి ఉండకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పాత కోట్లకు ఒక్కోసారి ఇంట్లోవాళ్ళే తాళ్ళు ఎక్కిస్తుంటారు. అలాగే ఉబ్బుకోటును కారులో పిల్లల సీటు పట్టీ కింద వేయకూడదు. పట్టీ బిగించినట్టే కనబడుతుంది కాని, ప్రమాదం జరిగితే కోటు అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. మీ అమ్మాయికి ఈ మాట తప్పక చెప్పండి.

భీమవరం నాన్న:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు స్కూలు బ్లేజరు మీ సమస్యకు సరిగ్గా తిరగబడింది. భుజాలు, ఛాతీ బాగానే ఉన్నాయి కాని చేతులు మణికట్టుకు రెండు అంగుళాల పైనే ఆగిపోతున్నాయి. వార్షికోత్సవానికి, జెండా పండుగకు తప్ప మన ఊళ్ళలో ఆ బ్లేజరు ఎవరు వేసుకుంటారు? దానికోసం కొత్తది కొనాలంటే మనసొప్పడం లేదు. చేతులు పొడిగించడం సాధ్యమేనా?

నరసాపురం సూది:

భీమవరం వారికి ముందు చెబుతాను, ఎందుకంటే మీ పని తేలిక. బ్లేజరు చేయి చివర లోపలికి మడిచిన గుడ్డ సాధారణంగా అంగుళంన్నర దాకా ఉంటుంది. చేతి మీద కనిపించే మూడు నాలుగు బొత్తాలకు కాజాలు నిజంగా తెరిచి లేకపోతే, అవి అలంకారానికి కుట్టినవే, విప్పేసి మళ్ళీ సరైన చోట కుట్టవచ్చు. మడతను పూర్తిగా కిందికి దించితే లోపలికి తిప్పడానికి ఏమీ మిగలదు కదా అనుకోవద్దు. లైనింగు రంగులో రెండు అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి తీసుకుని, బ్లేజరు అంచుకు పావు అంగుళం లోపలగా కుట్టి, ఆ పట్టీని లోపలికి తిప్పి హెమ్మింగు చేయండి. మడతలో ఉన్న గుడ్డ దాదాపు అంతా పొడవుకే వస్తుంది. అలా అంగుళం పావు వరకు పెరుగుతుంది. మిగిలిన ముప్పావు అంగుళం చొక్కా చేయి కనబడుతుంది, దానివల్ల నష్టం లేదు. లైనింగు గుడ్డ ద్వారపూడిలో కాని, రాజమండ్రి తాడితోటలో కాని దొరుకుతుంది. రంగు కలవడానికి బ్లేజరునే వెంట తీసుకెళ్ళండి.

ఇక పిన్నిగారి మనవడి ఉబ్బుకోటు గురించి. దాన్ని విప్పవద్దని గట్టిగా చెబుతున్నాను. నైలాను గుడ్డలో సూది దిగిన ప్రతిచోటా రంధ్రం శాశ్వతంగా ఉండిపోతుంది. ఉన్నిలో లాగా ఆవిరి పెడితే మూసుకోదు. లోపల నింపింది పక్షి ఈక అయితే ఆ రంధ్రాల్లోంచి సన్నటి నూగు బయటికి వస్తూనే ఉంటుంది. పక్కలు కోసి ముక్క వేయాలంటే, కోయబోయే గీతకు అటూ ఇటూ ముందుగా రెండేసి వరసల మిషను కుట్టు వేసి, నింపుడు జారకుండా ఆపి, అప్పుడు కత్తెర పెట్టాలి. ఇంత చేసినా ఆ ముక్క దగ్గర వెచ్చదనం ఉండదు, వాన, మంచు తడి దిగుతుంది. నేను ఆ పని ఎవరైనా అడిగితే ఒప్పుకోను. ఆ కోటు భుజాలు, చేతులు మనవడికి సరిపోయాయంటే మరికొన్నేళ్ళకు మనవరాలికి సరిపోతుంది, అలాగే దాచండి. మనవడికి అక్కడికి వెళ్ళాక కొనుక్కోమనండి. తీసుకునేటప్పుడు భుజం సరిగ్గా, చేయి రెండు అంగుళాలు ఎక్కువగా చూసుకోమనండి. ఉబ్బుకోటుకు పొడుగు చేయి ఇబ్బంది కాదు. చేతి అంచున లైనింగు వైపు సన్న గొట్టంలా పట్టీ కుట్టి, అందులో ఎలాస్టిక్ ఎక్కిస్తే చేయి మణికట్టు దగ్గర ఆగిపోతుంది, గాలీ దూరదు.

మాస్టరుగారితో నాకు ఒక్కచోట పేచీ ఉంది. మందపాటి ఉన్ని రెండు అంగుళాలు మడిస్తే, పాత మడత అంగుళంన్నరతో కలిసి లోపల మూడున్నర అంగుళాల పొర అవుతుంది. ఆరేళ్ళ పిల్ల చేతికి అది బరువు, చేతి తొడుగు దాని కిందికి దూరదు. నేనైతే పాత మడతను విప్పి, కొత్త గీత దగ్గర ఒక్కసారే మడిచి, అంచును మళ్ళీ తిప్పకుండా, పోగులు ఊడకుండా మిషను మీద అంచు చుట్టే ఓవర్‌లాక్ మాత్రం చేయించి వదిలేస్తాను. కత్తిరించినా అంగుళానికి మించి కత్తిరించను.

హెమ్మింగుకు చూపు ఆనకపోతే నరసాపురం వైపు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి. ఈ ప్రాంతపు లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాని, అల్లే ఆడవాళ్ళకు చేతినిండా పని ఉండే రోజులు తక్కువే. కొక్కెం సూదితో అంత సన్నపని చేసే చేతికి ఉన్నికోటు హెమ్మింగు గంటసేపటి పని, దానికి తగిన డబ్బులు మాత్రం ఇవ్వండి.

రాజమండ్రి కోటు మాస్టరు:

నరసాపురం వారి మాట సబబే. పాత మడతను విప్పాకనే కొత్త మడత వేయాలన్నది నేను విడిగా రాయలేదు కాని, నేను చెప్పిన పద్ధతీ అదే. కత్తిరించడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ అంగుళం పై సంవత్సరం కావలసి వస్తుంది, అటువంటి ఉన్నిగుడ్డ ముక్క మన జిల్లాల్లో వెతికినా దొరకదు.

పాలకొల్లు అమ్మమ్మ:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఎడమచేతి లైనింగులో మాస్టరుగారు చెప్పిన మిషను కుట్టు అక్షరాలా అక్కడే ఉంది. దాన్ని విప్పి చేయి బయటికి లాగితే, లోపల ఇదివరకే ఎవరో అంగుళం మేర మడిచి తరువాత దించిన గుర్తు కనిపించింది. ఆ కోటు మా ఆడపడుచు మనవలకంటే ముందు కూడా ఇంకెవరో వేసుకున్నారన్నమాట. భుజం స్వెటరుతో కొలిస్తే సరిగ్గా అర అంగుళం జారింది, కాబట్టి దాన్ని ముట్టుకోను. ఉబ్బుకోటు మడిచి పక్కన పెట్టాను, మనవడు కొత్తది వస్తుందని సంబరపడుతున్నాడు.

రెండు సందేహాలు మిగిలాయి. పాత మడత ఉన్నచోట ఉన్ని మీద మెరిసే గీత ఒకటి ఉంది. వచ్చే ఏడాది చేయి దించినప్పుడు ఇప్పటి మడత కూడా అలాగే గీత పడుతుందా? ఇక ముందు బొత్తాలు చాలా పెద్దవి, కాజాలు బిగుతుగా ఉన్నాయి, పిల్ల వేళ్ళకు లొంగడం లేదు.

రాజమండ్రి కోటు మాస్టరు:

మెరుపు గీత ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనడం వల్ల, రాపిడి వల్ల వస్తుంది. నూలుగుడ్డను నీళ్ళలో తడిపి, పిండి, గీత మీద పరిచి, ఇస్త్రీ పెట్టెను జరపకుండా పైన ఆనించి ఎత్తుతూ ఆవిరి పట్టించండి. వెంటనే మెత్తని బ్రష్షుతో పోగులను ఎదురు దువ్వండి. అయినా పోకపోతే తడిగుడ్డలో కాస్త తెల్ల వెనిగరు కలిపిన నీళ్ళు వాడవచ్చు, ముందుగా లోపలి మడత మీద వేసి రంగు దిగడం లేదని చూసుకున్నాకనే. ఇప్పుడు వేసే మడతను పదునుగా ఇస్త్రీ చేయకుండా మెత్తగా గుండ్రంగా వదిలేస్తే వచ్చే ఏడాది గీత అంతగా పడదు. అరిగిపోయిన పోగులు మాత్రం తిరిగి రావు, దానికి మందు లేదు.

బొత్తాల విషయంలో కాజాలను కోయవద్దు. ఒక సైజు చిన్న బొత్తాలు తెచ్చి, కుట్టేటప్పుడు బొత్తానికీ గుడ్డకూ మధ్య అగ్గిపుల్ల ఒకటి పెట్టి, దాని మీదుగా దారం తిప్పండి. తరువాత పుల్ల లాగేసి, ఆ వదులు దారం చుట్టూ దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడి వేయండి. బొత్తం గుడ్డకు అంటకుండా కాస్త ఎత్తులో నిలబడుతుంది, మందపాటి ఉన్ని కిందికి సులువుగా దూరుతుంది. లోపలి వైపు ప్రతి బొత్తం వెనక చొక్కా బొత్తం ఒకటి పెట్టి రెండింటినీ కలిపి కుడితే, పిల్ల గుంజినా గుడ్డ చిరగదు.